బయలుదేరక ముందే దూరమైన అమ్మాయి: సైనిక శిక్షణకు ముందు వారాలపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

సైన్యంలో చేరబోయే యువతకు శిక్షణ కేంద్రంలో ఏమేమి ఎదురవుతాయో చెప్పేవారు చాలామంది ఉంటారు. బయలుదేరే ముందు ఇంట్లో గడిపే వారాల్లో ఏమి ఎదురవుతుందో చెప్పేవారు తక్కువ. కుటుంబ కౌన్సెలర్‌గా నేను పనిచేస్తున్న చోటికి సరిగ్గా ఆ వారాల్లో వచ్చిన ఒక కుటుంబం గురించి, వారి అనుమతితో, ఇక్కడ రాస్తున్నాను. ఊరు, వృత్తులు, చేరబోయే దళం వంటి వివరాలను వదిలేశాను. మనుషులను గుర్తుపట్టడానికి వీలిచ్చే మరికొన్నింటిని మార్చాను. నిర్ణయాలు తీసుకున్న క్రమాన్ని, వాటి వెనుక ఉన్న ఆలోచనను మాత్రం జరిగినట్లే ఉంచాను.

అమ్మాయికి ఇరవై ఏళ్ళు. ఎంపిక, వైద్య పరీక్షలు పూర్తయి, శిక్షణ కేంద్రంలో హాజరు కావలసిన తేదీ చేతికి వచ్చింది. ఇంట్లో తల్లి, ఎనిమిదేళ్ళ తమ్ముడు, నాయనమ్మ ఉంటారు. తండ్రి ఉద్యోగరీత్యా దూరంగా ఉంటూ ఏడాదిలో కొద్దిసార్లు మాత్రమే ఇంటికి వస్తారు. కూతురు వెళ్ళే ముందు ఆమెతో గడపాలని ఈసారి దీర్ఘ సెలవు పెట్టి వచ్చారు. నాయనమ్మకు మతిమరుపు వ్యాధి తొలి దశలో ఉందని వైద్యులు అంతకు ముందే నిర్ధారించారు. ఆమెకు మందులు వేళకు ఇవ్వడం, ఆసుపత్రి తేదీలు గుర్తుంచుకోవడం, తమ్ముడిని చదివించడం, తల్లి తరఫున ఫోన్‌లో చెల్లింపులు చేయడం అమ్మాయి చేతిలో ఉన్న పనులు. ఇంటి పనుల్లో ఆమె వాటా ఎంతో అప్పటికి ఎవరూ లెక్క వేసుకోలేదు, బహుశా ఆమె కూడా వేసుకోలేదు.

సమస్య

మొదట తల్లి ఒక్కరే వచ్చారు. "పిల్ల ఇంట్లోనే ఉందండీ, కానీ లేనట్టే ఉంది. ఏదైనా అడిగితే విసుక్కుంటుంది. వెళ్ళేలోగా నాలుగు మంచి మాటలు మాట్లాడుకుందామంటే రోజూ ఏదో ఒక గొడవ," అన్నారు. గొడవలకు కారణాలు చాలా చిన్నవి: సంచిలో ఏది ముందు సర్దాలి, తలుపు గడియ ఎందుకు పెట్టుకున్నావు, ఫలానావారు వస్తే ఐదు నిమిషాలైనా ఎందుకు కూర్చోలేదు. అంతకు ముందు వారం కూతురు, "తేదీ ఇంకా తొందరగా వస్తే బాగుండు," అన్నదట. ఆ మాట తల్లిని బాగా గాయపరిచింది. పైగా దానికి ఆమె రెండు పరస్పర విరుద్ధమైన అర్థాలు చెప్పుకున్నారు. ఒకటి, తమను వదిలించుకోవాలని కూతురు చూస్తోందని. రెండోది, లోపల భయపడుతూ, చేరాలన్న నిర్ణయానికే పశ్చాత్తాపపడుతూ, బయటికి చెప్పుకోలేకపోతోందని. రెండోదే నిజమైతే ఇప్పుడే ఆపేయాలా అన్నది ఆమె నన్ను అడిగిన అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా మిగతా ఏ పనీ మొదలుపెట్టకూడదని అనుకున్నాను. చేరాలా వద్దా అన్న సందేహంలో ఉన్న మనిషికి వీడ్కోలు చక్కగా జరిపించే సాయం చేస్తే, ఆమెను ఆమెకు ఇష్టంలేని దిశలోకి మర్యాదగా నెట్టినట్లు అవుతుంది. అందువల్ల అమ్మాయిని విడిగా కలిశాను. నిద్ర, ఆకలి, దేనిపైనా ఆసక్తి లేకపోవడం, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనలు, ఇంట్లో ఒత్తిడి లేదా బలవంతం, వీటన్నిటి గురించి సూటిగా అడిగాను. నిద్ర కొంత చెదిరింది తప్ప ఆందోళన కలిగించే లక్షణం ఏదీ కనిపించలేదు. చేరాలన్నది ఆమె సొంత నిర్ణయం. తండ్రి మొదట్లో వ్యతిరేకించి తర్వాత ఒప్పుకున్నారు.

ఆ తర్వాత ఒక ఊహాత్మకమైన ప్రశ్న వేశాను. రేపు ఉదయం లేచేసరికి నేరుగా శిక్షణ కేంద్రంలో ఉన్నట్లయితే, మధ్యలో వీడ్కోలు అనేదే లేకపోతే, ఎలా ఉంటుంది? ఆమె భుజాలు వదులయ్యాయి. అక్కడి పరుగులు, తెల్లవారుజామున లేవడం, అరుపులు, వీటి గురించి ఆసక్తిగా మాట్లాడటం మొదలుపెట్టింది. తలుపు దాటడం, నాయనమ్మకు చెప్పడం అనే మాటలు వచ్చినప్పుడు మళ్ళీ ముడుచుకుపోయింది. ఈ తేడా నాకు నిర్ణయాత్మకంగా తోచింది. చేరడం గురించి ఆమెకున్నది అందరికీ ఉండే సహజమైన బెరుకు మాత్రమే. ఆమె తప్పించుకోవాలనుకుంటున్నది బయలుదేరే ఘట్టాన్ని. తేదీ తొందరగా రావాలన్న కోరిక కూడా అందులోంచి వచ్చినదే.

ఈ సందర్భంలో నాకు ఉపయోగపడిన ఒక నమూనాను ప్రస్తావించాలి. నావికుల భార్యలు వీడ్కోలుకు ముందు, ఎడబాటులో, తిరిగి కలిశాక అనుభవించే భావోద్వేగాలను కాథ్లీన్ లోగన్ 1987లో ఏడు దశలుగా వివరించారు. అందులో మొదటిది రాబోయే ఎడబాటును ముందుగానే అనుభవించడం, రెండోది దూరంగా జరిగి ముడుచుకుపోవడం. మనిషి ఇంకా ఇంట్లో ఉండగానే ఈ రెండో దశ వస్తుంది. బయలుదేరే ముందు రోజుల్లో అకారణమైన గొడవలు కూడా మామూలే. ఎలాగూ తెగబోయే రోజువారీ బంధాన్ని కోపంతో తెంచుకోవడం దుఃఖంతో తెంచుకోవడం కంటే సులభం. ఆ పరిశీలన భార్యాభర్తల గురించినది, అదీ మోహరింపు, అంటే సైనికులను విధుల మీద దూరానికి పంపడం, గురించినది. మొదటిసారి ఇల్లు విడిచే రిక్రూటుకూ తల్లిదండ్రులకూ దాన్ని యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. తల్లికి మాత్రం అది ఒక ఊరట ఇచ్చింది. కూతురి విసుగును ప్రేమ తగ్గినదానికి సాక్ష్యంగా చూడనవసరం లేదని ఆమె మొదటిసారి విన్నారు.

ఇంట్లోవాళ్ళు అప్పటికే చేసినవి

నా దగ్గరికి వచ్చేనాటికి కుటుంబం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మిగిలిన ప్రతి రోజునూ గుర్తుండిపోయేలా చేయాలని గట్టిగా ప్రయత్నించారు. దగ్గరి, దూరపు బంధువులను పిలిచారు. రెండు ప్రయాణాలు పెట్టుకున్నారు. ఒక సాయంత్రం అందరూ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ మనసులో మాట చెప్పాలని తండ్రి ప్రతిపాదించారు. ఆ సాయంత్రం తల్లి ఏడుపుతోనూ, తమ్ముడు లేచి వెళ్ళిపోవడంతోనూ ముగిసింది. ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇప్పుడు చెప్పండి అంటే, అసలైన మాట ఉన్నవారికే గొంతు పెగలదు. ఆ రోజు నాయనమ్మ ఒక్కరే హాయిగా మాట్లాడారు, ఎందుకంటే ఎవరు ఎక్కడికి వెళుతున్నారో ఆమెకు ఆ క్షణంలో గుర్తులేదు.

తండ్రి మరో దారి కూడా ఎంచుకున్నారు. మాటల మనిషి కాని ఆయన కూతురిని రోజూ తెల్లవారుజామున పరుగుకు తీసుకువెళ్ళేవారు, దూరాన్ని రోజురోజుకూ పెంచేవారు. అది ఆయన ప్రేమ తీసుకున్న రూపం. అమ్మాయికి మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి మొదలైనా, నాన్న సరదాను పాడుచేయడం ఇష్టంలేక చెప్పలేదు.

ఫలించని ప్రణాళిక

అందరి సమ్మతితో మొదట ప్రయత్నించినది ఒక సమయపట్టిక. దీని వెనుక తర్కం స్పష్టంగానే ఉంది. అమ్మాయి సమయం కోసం నలుగురూ పోటీ పడుతున్నారు. అడగకుండా ఎవరికీ దొరకడం లేదు. కాబట్టి ఎవరి గంట వారికి ఖరారు చేస్తే పెనుగులాట తగ్గాలి. ఇలాంటి ఏర్పాటు, పిల్లలను పంచుకునే విడిపోయిన దంపతుల విషయంలో చాలాసార్లు పనిచేస్తుంది.

ఇక్కడ అది పనిచేయలేదు. తన గంట వచ్చేసరికి ప్రతి ఒక్కరూ ఆ గంట నుంచి ఏదో ఒకటి రాబట్టాలని ఆశించారు. తల్లికి కేటాయించిన సమయంలో కూతురు ఫోన్ చూసుకుంటే ఆ సమయం దొంగిలించినట్లయింది. తండ్రి గంట ఆలస్యంగా మొదలైతే మిగతాది రేపటికి బాకీ పడింది. తమ్ముడు తన పేరు ఉన్న గడిని కొట్టేసి, దాని పక్కన నాయనమ్మ పేరు రాశాడు. అమ్మాయి నాతో అన్న మాట ఇది: "ఇంట్లో నేను మనిషిని కాను, పంచుకోవలసిన ఆస్తిని." పట్టికను కొద్ది రోజుల్లోనే ఆపేశాం.

ఆపేయడం కంటే, అది ఎందుకు విఫలమైందో అర్థం చేసుకోవడానికి ఎక్కువ సమయం పట్టింది. విడిపోయిన దంపతుల పట్టికకు ముగింపు ఉండదు. ఈ వారం పోయింది వచ్చే వారం దొరుకుతుంది. ఈ ఇంట్లో గడులు తరిగిపోతూ కనిపిస్తున్నాయి, అందువల్ల సమయాన్ని కనిపించేలా చేసే ప్రతి ఏర్పాటూ భయాన్ని పెంచుతుంది. గోడ మీద క్యాలెండర్‌లో రోజులు కొట్టేసే అలవాటును కూడా అప్పుడే మాన్పించాం.

మలుపు

సరైన దిశ కోసం వెతుకుతూ రెండు పాత పరిశోధనలను మళ్ళీ చదివాను. పౌలిన్ బాస్ 1970ల్లో, యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేస్తూ, అస్పష్ట నష్టం అనే భావనను రూపొందించారు. మనిషి శరీరంతో లేకపోయినా మనసుల్లో ఉండటం దానిలో ఒక రకం. శరీరంతో ఎదురుగా ఉన్నా మానసికంగా లేకపోవడం రెండో రకం, మతిమరుపు వ్యాధి దీనికి తరచుగా ఇచ్చే ఉదాహరణ. ఈ ఇంట్లో రెండో రకం అప్పటికే ఉంది. నాయనమ్మ రూపంలో ఆ కుటుంబం కొంతకాలంగా దానితో జీవిస్తోంది. "ఇంట్లోనే ఉంది, కానీ లేనట్టే ఉంది" అని తల్లి మొదటి రోజు కూతురి గురించి అన్న మాట, అత్తగారి గురించి తాను చాలాసార్లు అన్న మాటేనని అడిగినప్పుడు ఒప్పుకున్నారు. కూతురి ముభావం ఆమెను అంతగా కలవరపెట్టడానికి ఇది ఒక కారణమని నా అంచనా.

రెండోది బార్బరా ఫ్రెడ్రిక్సన్, లారా కార్‌స్టెన్‌సెన్ 1990లో ప్రచురించిన పరిశోధన. మామూలు పరిస్థితుల్లో యువత కొత్తవారిని కలవడానికి కూడా ఇష్టపడతారు, వృద్ధులు దగ్గరివారినే కోరుకుంటారు. అయితే, త్వరలో ఒంటరిగా చాలా దూరం తరలిపోతున్నట్లు ఊహించుకోమన్నప్పుడు యువత కూడా వృద్ధుల మాదిరిగానే దగ్గరివారిని ఎంచుకున్నారు. ముగింపు కనిపించినప్పుడు మనిషి తన చుట్టూ ఉన్న వలయాన్ని కుదించుకుంటాడు. బంధువులు వస్తే అమ్మాయి గదిలోకి వెళ్ళడాన్ని ఇంట్లోవారు పొగరుగానో బెంగగానో చూశారు. దగ్గరి నలుగురి కోసం ఆమె తన ఓపికను దాచుకుంటోందని, అతిథులు ఆ ఓపికను ఖర్చు చేశాక రాత్రికి ఇంట్లోవారికి మిగిలేది విసుగేనని వివరించినప్పుడు, ముందుగా అర్థం చేసుకున్నది తండ్రే. మిగిలిన సందర్శనలను ఆయనే ఫోన్ చేసి రద్దు చేశారు. ఒక మధ్యాహ్నం మాత్రం, రావాలనుకున్న వారందరూ ఒకేసారి వచ్చి వెళ్ళేలా ఉంచుకున్నారు. పూర్తిగా వద్దనడం తల్లికి బంధువుల మధ్య ఇబ్బంది తెస్తుంది. ఆ ఇబ్బందిని అమ్మాయి వెళ్ళాక ఆమె ఒంటరిగా మోయాలి.

పనిచేసినవి

పట్టిక స్థానంలో మేము పెట్టుకున్నది పనుల అప్పగింత. అమ్మాయి చేతిలో ఉన్న ప్రతి పనినీ ఇంట్లో ఎవరో ఒకరు ఆమె పక్కన ఉండి నేర్చుకోవాలి. నాయనమ్మ మందుల పెట్టెను వారానికి సరిపడా సర్దడం తండ్రి నేర్చుకున్నారు. చెల్లింపులు, పాస్‌వర్డులు, ఆసుపత్రి కాగితాల దస్త్రం తల్లి వంతు. రాత్రి నాయనమ్మ గదిలో దీపం వెలిగి ఉందో లేదో చూడటం తమ్ముడి వంతు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి నిజంగా అప్పగించదగిన పని అది, ఆడించడానికి ఇచ్చినది కాదని వాడికి తెలిసింది.

దీన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలు. మొదటిది, పని చేస్తున్నప్పుడు కళ్ళు పనిమీద ఉంటాయి, చేతులకు ఆధారం ఉంటుంది. ఎదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన కూర్చున్నప్పుడు వస్తాయి. పాస్‌వర్డులు రాసుకుంటున్న మధ్యాహ్నమే తల్లి, "నువ్వు లేకుండా నాకు ఇవి చేతకావేమోనని భయంగా ఉంది," అన్నారు. అంతకు ముందు ఆ భయం కూతురి నిర్ణయం మీద అనుమానంగా వేషం మార్చుకుని బయటికి వచ్చేది. రెండోది, అమ్మాయిలో ఒక అపరాధభావం ఉంది. తాను వెళితే ఇల్లు ఎలా నడుస్తుందన్న ప్రశ్నకు ఓదార్పు మాటలు జవాబు కావు. నాన్న తప్పు లేకుండా మందుల పెట్టె సర్దడాన్ని కళ్ళారా చూడటమే దానికి జవాబు.

పరుగు విషయంలో తండ్రితో విడిగా మాట్లాడవలసి వచ్చింది. ఎముక కొత్త భారానికి అలవాటు పడటానికి వారాలు, నెలలు పడుతుంది. చివరి పది రోజుల్లో పెంచిన దూరం శరీర సామర్థ్యాన్ని పెద్దగా పెంచదు కానీ గాయాన్ని మాత్రం తేగలదు. భారం ఒక్కసారిగా పెరగడం వల్ల కాలి ఎముకల్లో వచ్చే సన్నని పగుళ్ళు సైనిక శిక్షణలో బాగా తెలిసిన సమస్య, ఆడవారిలో దాని ముప్పు మగవారికంటే ఎక్కువ. గాయంతో వెళ్ళినవారు శిక్షణ మధ్యలో వెనకబడి మరో బృందంతో మళ్ళీ మొదలుపెట్టవలసిన పరిస్థితి రావచ్చు. నొప్పి సంగతి వైద్యుడికి చూపించారు; విశ్రాంతి చెప్పి, పరుగు తగ్గించమన్నారు. ఇక్కడ నేను జాగ్రత్తపడినది మరొకటి ఉంది. పరుగును తీసేస్తే ఆ తండ్రికి కూతురితో ఉన్న ఏకైక భాషను తీసేసినట్లవుతుంది. అందువల్ల సాయంత్రం నడకను దాని స్థానంలో పెట్టాం, దానికి ఒక ప్రయోజనాన్ని కూడా జోడించాం: కొత్త బూట్లను పాదాలకు అలవాటు చేయడం. లేవడం, పడుకోవడం వేళలను కొద్దికొద్దిగా ముందుకు జరపడం కూడా ఆయన పర్యవేక్షణలోనే జరిగింది. అమ్మాయి నిద్ర కొంత కుదుటపడింది.

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం నాయనమ్మ విషయంలో తీసుకోవలసి వచ్చింది. ఆమె రోజుకు ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు, సంచి చూసి "ఎక్కడికే?" అని అడిగేవారు. చెబితే ప్రతిసారీ కొత్తగా వింటున్నట్లు బాధపడేవారు. తల్లి అభిప్రాయంలో అసలు చెప్పకూడదు, అడిగితే మాట మార్చాలి. అమ్మాయికి అది అబద్ధం చెప్పి పారిపోవడంలా అనిపించింది. తాను తిరిగి వచ్చేసరికి నాయనమ్మ తనను గుర్తుపట్టకపోవచ్చన్న భయం దాని అడుగున ఉంది. ఆ భయాన్ని కొట్టిపారేయలేదు, ఎందుకంటే అది నిరాధారం కాదు. నాయనమ్మను చూసే వైద్యుడితో మాట్లాడిన తర్వాత, ఆమె అడిగినప్పుడు మాత్రమే చెప్పాలని, చెప్పేది నిజమూ చిన్నదీ అయి ఉండాలని, ప్రతిసారీ అవే మాటల్లో, అదే స్వరంలో చెప్పాలని నిశ్చయించాం. "శిక్షణకు వెళ్తున్నా నాయనమ్మా, పూర్తయ్యాక వస్తాను." దాని తర్వాత వెంటనే కలిసి చేసే ఏదైనా పనిలోకి వెళ్ళాలి. అడగనిదే ముందుగా గుర్తు చేయకూడదు. అమ్మాయి తన చేతిరాతతో పెద్ద అక్షరాల్లో అవే వాక్యాలు రాసి, తన ఫొటోతో పాటు నాయనమ్మ మంచం పక్కన పెట్టింది. తాను లేనప్పుడు తల్లి కూడా అవే మాటలు చెప్పేలా ఇది ఉపయోగపడుతుంది; ఒక్కొక్కరు ఒక్కో జవాబు ఇస్తే ఆమె అయోమయం పెరుగుతుంది.

ఆ కాగితం మొదటి చిత్తుప్రతిలో "వారం వారం ఫోన్ చేస్తాను" అని ఉంది. ఆ వాక్యాన్ని తీయించాను. చాలా దేశాల్లో తొలి శిక్షణ కాలంలో సొంత ఫోన్ మీద నియంత్రణ ఉంటుంది, ఎప్పుడు మాట్లాడనిస్తారన్నది రిక్రూటు చేతిలో ఉండదు. తల్లిదండ్రులకు అమెరికా మెరైన్ దళం ఉదాహరణ చెప్పాను. అక్కడ కేంద్రానికి చేరిన రాత్రి రిక్రూటు ఇంటికి చేసే ఫోన్‌లో ముందే రాసిపెట్టిన కొద్ది వాక్యాలు చదివి పెట్టేస్తారు. అవతలివారితో సంభాషణకు వీలుండదు, స్వరం కూడా అరుస్తున్నట్లు ఉంటుంది. అక్కడి శిక్షణ 13 వారాలు, ఆ దేశపు ఆర్మీలో ప్రాథమిక శిక్షణ 10 వారాలు. మిగతా దేశాల్లో కాలమూ నియమాలూ వేరు. ఈ కుటుంబానికి వర్తించే నియమాలను శిక్షణ కేంద్రం పంపిన కాగితాల్లో చూసుకోమన్నాను. నా ఉద్దేశం ఒక్కటే: మొదటి మౌనాన్ని వారు ప్రమాదంగా చదువుకోకూడదు. ఎన్ని రోజులు కబురు లేకపోతే ఆందోళన పడనవసరం లేదో, అత్యవసరమైతే కేంద్రాన్ని ఎలా సంప్రదించాలో ముందే రాసి పెట్టుకున్నారు. నాయనమ్మకు ఏదైనా జరిగితే తనకు చెప్పాలా, శిక్షణ మధ్యలో దాచాలా అన్నది కూడా అమ్మాయినే అడిగి తేల్చుకున్నారు. చెప్పాలని ఆమె స్పష్టంగా కోరింది. ఈ సంభాషణను చాలా కుటుంబాలు అశుభంగా భావించి దాటవేస్తాయి. కానీ దాటవేసిన ఇళ్ళలో, వెళ్ళిన మనిషి ప్రతి ఫోన్‌లోనూ ఏదో దాస్తున్నారేమోనని వెతుకుతుంటాడు.

తమ్ముడు కొంతకాలం అక్కతో మాట్లాడటం మానేశాడు. ఆ వయసు పిల్లల్లో కొందరు, తమ అల్లరి వల్లే పెద్దవారు వెళ్ళిపోతున్నారని లోపల నమ్ముతారు. అక్క వాడికి ఒకే ఒక విషయం, ఒకటికి రెండుసార్లు చెప్పింది: ఈ నిర్ణయం తాను వాడు ఒకటో తరగతిలో ఉన్నప్పుడే తీసుకున్నానని, వాడి మీద కోపంతో కాదని. ఎక్కువ వివరణ అవసరం రాలేదు.

బయలుదేరిన రోజు

స్టేషన్‌కు ఎవరు రావాలన్న దానిపై చివరి వారంలో పెద్ద తగాదా వచ్చింది. అమ్మాయి తండ్రి ఒక్కరే రావాలంది. తల్లికి ఇది అన్యాయంగా తోచింది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టకుండా విడివిడిగా కారణాలు అడిగాను, ఎందుకంటే ఇక్కడ కోరికలు రెండూ ఒకే మూలం నుంచి వస్తున్నాయని అనుమానం. అనుమానం నిజమైంది. అమ్మ ఏడిస్తే తాను రైలు ఎక్కలేనని కూతురి భయం. తాను ఏడిస్తే కూతురు ఎక్కలేదని, అయినా చివరి క్షణం వరకు చూడకుండా ఉండలేనని తల్లి బాధ. వీడ్కోలును బయలుదేరడం నుంచి వేరుచేయాలని సూచించాను. అసలైన వీడ్కోలు ముందు రోజు సాయంత్రం ఇంట్లో, ఒక్కొక్కరితో విడిగా, తొందర లేకుండా జరిగింది. మరుసటి ఉదయం తలుపు దగ్గర క్లుప్తంగా ముగిసింది. అపరిచితుల మధ్య, గడియారం చూసుకుంటూ, ఒకే నిమిషంలో అన్నీ జరగాలని కోరడం వల్లే ఆ ఘట్టం అంత భయంకరంగా తోస్తుంది.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పను. ముందు రోజు మధ్యాహ్నం సంచి సర్దడం మీద తల్లీకూతుళ్ళు మళ్ళీ గట్టిగా గొడవపడ్డారు. తేడా ఏమిటంటే, ఈసారి అది రాత్రి వరకు సాగలేదు. తల్లే వెళ్ళి, "ఇది సంచి గురించి కాదులే," అన్నారట.

తర్వాత

మొదటి ఫోన్ ఆలస్యంగా వచ్చింది, చాలా పొడిగా సాగింది. తల్లి కంగారుపడ్డారు కానీ ముందే రాసిపెట్టుకున్న కాగితం చూసుకుని ఆగారు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఆమెకు నిద్ర సరిగా లేదు, పనుల్లో పరధ్యానం కనిపించింది. లోగన్ నమూనాలోని మూడో దశ ఇలాగే ఉంటుంది, ఎడబాటు మొదలైన తొలి వారాల్లో ఇంటి అమరిక చెదిరి మళ్ళీ కుదురుకోవాలి. నాయనమ్మకు ఆ కాగితం కొన్ని రోజులు పనిచేసింది, కొన్ని రోజులు పనిచేయలేదు. తమ్ముడు దీపం చూసే పనిని ఒక్క రాత్రి కూడా వదల్లేదని తల్లి చెప్పారు.

తండ్రి సెలవు విషయంలో తీసుకున్న నిర్ణయం ఈ దశలో అక్కరకు వచ్చింది. ఆయన సెలవు మొదట కూతురు బయలుదేరే మరుసటి రోజుతో ముగుస్తుంది. అలాగే ఉంచితే ఆ తల్లి రెండు రోజుల్లో ఇద్దరిని సాగనంపి, మతిమరుపు ఉన్న అత్తగారితో, మౌనంగా ఉన్న కొడుకుతో ఒంటరిగా మిగిలేవారు. సెలవులో కొంత భాగాన్ని ముందు వదులుకుని, తర్వాతికి జరుపుకోమని ఆయనను అడిగాం. కూతురు ఉన్న రోజులను వదులుకోవడం ఆయనకు బాధగానే ఉన్నా, మందుల పెట్టె తన బాధ్యతని అప్పటికే ఒప్పుకుని ఉన్నందున కాదనలేదు. ఒకరి ప్రయాణం చుట్టూ కుటుంబం దృష్టి అంతా కేంద్రీకృతమైనప్పుడు దాని వెంటే జరిగే రెండో ప్రయాణం ఎవరికీ కనిపించదు; తొలి సమావేశంలోనే సెలవుల తేదీలు అడగడం నాకు ఇప్పుడు అలవాటు.

ఈ పద్ధతి పరిమితులు

ఇక్కడ చేసినదంతా, చేరాలన్న నిర్ణయం ఆ మనిషిదే అయినప్పుడు, ఇల్లు మొత్తంమీద సురక్షితమైనది అయినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. నిర్బంధ సైనిక సేవ ఉన్న దేశాల్లో, లేదా ఇంట్లోవారి ఒత్తిడితో, అప్పుల ఒత్తిడితో చేరుతున్నవారి విషయంలో ముభావాన్ని ఎడబాటు దుఃఖంగా చదవడం ప్రమాదకరం. అక్కడ ఆ ముభావం సరిగ్గా తల్లి మొదట అనుమానించినదే కావచ్చు. ఇంట్లో హింస ఉండి, శిక్షణే దాని నుంచి బయటపడే దారిగా ఎంచుకున్నవారికి చివరి రోజులను కుటుంబంతో ఎక్కువగా గడపమనడం సాయం కాదు. ఆసక్తి, ఆకలి, నిద్ర మూడూ పోయి రెండు వారాలకు పైగా అలాగే ఉంటే, దాన్ని వీడ్కోలు బాధగా సరిపెట్టకుండా మానసిక వైద్యుడికి చూపించాలి. వెళ్ళే తేదీ దగ్గరపడిందన్న కారణంతో ఆ పరీక్షను వాయిదా వేయకూడదు; తేదీని మార్చమని శిక్షణ కేంద్రాన్ని అడగవచ్చేమో చూడటం అప్పుడు కుటుంబం మొదట చేయవలసిన పని.